గాలి చేరితే గండమే!

జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఆర్టీసీ బస్సు ఆగి కదిలే ప్రతిసారీ కింద నుంచి ‘స్స్‌...’ మంటూ ఓ చప్పుడు వినిపిస్తుంది. అది బ్రేకుల్లోంచి బయటికొచ్చే గాలి. అంత పెద్ద బస్సును పట్టి ఆపేది ఆ గాలే. కాస్త దూరంలో సికింద్రాబాద్ స్టేషన్లో ఆగే రైళ్లకూ గాలే ఆధారం. పైపులో గాలి ఒత్తిడి ఉన్నంతసేపూ రైలు బ్రేకులు వదులుగా ఉంటాయి. ఏ కారణంగానైనా పైపు తెగితే గాలి పోయి బ్రేకులు వాటంతటవే పడతాయి. అమెరికాకు చెందిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో చూపించిన కిటుకు ఇది. దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో రైల్వే ఉద్యోగి లేని వీధి అరుదు కాబట్టి, చాలా ఇళ్లల్లో ఇది తెలిసిన విషయమే.

ఇంటి ముందున్న కారు సంగతి మాత్రం దీనికి పూర్తిగా తిరకాసు. బస్సుకు ప్రాణమైన గాలే కారు బ్రేకులకు పగ. నాలుగైదు బుడగలు లోపల చేరాయంటే పెడల్ మెత్తబడుతుంది. ఇంకొన్ని చేరితే నేలకు తగులుతుంది. అయినా కారు ఆగదు!

మాస్టర్ సిలిండర్ మార్చినప్పుడు ఈ గాలిని పూర్తిగా బయటికి పంపడమే అసలు పని. కాస్త ఓపిక, ఇద్దరు మనుషులు, ఒక ఆదివారం ఉదయం ఉంటే పాతతరం కార్లకు ఈ పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే ఇది హారన్ మార్చుకోవడం లాంటిది కాదు. తప్పు జరిగితే తెలిసేది ఇంటి ముందు కాదు, రోడ్డు మీద!

సిరంజి చెప్పే రహస్యం

సూది లేని సిరంజి ఒకటి తీసుకుని దాన్నిండా నీళ్లు పట్టండి. మూతిని వేలితో గట్టిగా మూసి వెనక నుంచి నొక్కండి. కదలదు. ఇప్పుడు అందులోకి కాస్త గాలి రానిచ్చి మళ్లీ నొక్కి చూడండి. స్పాంజిలా లోపలికి దిగుతుంది. కారు బ్రేకు కథ మొత్తం ఇదే.

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని కారు చక్రాల దాకా తెచ్చింది మాల్కమ్ లాక్‌హీడ్. ఆయన పద్ధతితో నాలుగు చక్రాలకూ ద్రవంతో పనిచేసే బ్రేకులు 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో వచ్చాయి. ఈ వందేళ్లలో ఎన్ని మారినా సూత్రం అదే. పాదం పెడల్‌ను తొక్కుతుంది. పెడల్ వెనకున్న కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నటి గొట్టాల్లో నిండిన బ్రేక్ ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. ఆయిల్ కుంచించుకుపోదు కాబట్టే పాదం బలం చక్రానికి అందుతుంది. గాలి కుంచించుకుపోతుంది కాబట్టి పాదం బలాన్ని దారిలోనే మింగేస్తుంది.

ఒకప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఒకే గది ఉండేది. ఒకచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయేది. తర్వాత రెండు గదులవి వచ్చాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. చాలా చిన్న కార్లలో ఒక గది నుంచి ముందు ఎడమ, వెనక కుడి చక్రాలకు, రెండో గది నుంచి మిగతా రెంటికీ ఆయిల్ వెళ్తుంది. ఒక దారి పోయినా రెండోది కారును ఆపుతుంది. కాకపోతే పెడల్ బాగా కిందికి దిగుతుంది. కారు ఆగే దూరమూ పెరుగుతుంది.

ఎప్పుడు అనుమానించాలి?

ప్యారడైజ్ దగ్గర ఎర్ర లైటు పడింది. బ్రేకు మీద కాలు పెట్టి ఆగారు. కాలు అలాగే ఉంది కానీ పెడల్ మెల్లమెల్లగా కిందికి జారిపోతోంది. బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదు. అలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్‌నే. లోపలి రబ్బరు వాషర్లు అరిగి ఆయిల్ ముందుకెళ్లకుండా వెనక్కే జారుతోందన్నమాట.

పెడల్ మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే గాలి చేరినట్టు. ఒకసారి తొక్కితే దిగిపోయి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకి వస్తోందంటే గాలి కావచ్చు, వెనక డ్రమ్ముల్లో బ్రేక్ షూల సర్దుబాటు తప్పి ఉండొచ్చు. బానెట్ ఎత్తి చూస్తే మాస్టర్ సిలిండర్, దాని వెనకున్న నల్లటి గుండ్రటి బూస్టర్ కలిసేచోట తడి కనిపిస్తే వెనక వాషర్ పోయిందని అర్థం.

డబ్బాలో ఆయిల్ తగ్గింది కదా అని పోసి మూతపెట్టేయడం చాలామంది చేసే పని. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ కాస్త దిగడం మామూలే. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఎక్కడో కారుతోందని లెక్క. పోసే ముందు కారణం వెతకాలి.

రాణిగంజ్‌లో ఏం అడగాలి?

సికింద్రాబాద్ వాళ్లకు స్పేర్ పార్టులంటే ముందుగా గుర్తొచ్చేది రాణిగంజ్. అక్కడికి ఉత్త చేతులతో వెళ్లకుండా పాత మాస్టర్ సిలిండర్‌ను, లేదా దాని ఫొటోను, కారు ఛాసిస్ నంబరును తీసుకెళ్లండి. ఒకే మోడల్‌లోనూ తయారైన ఏడాదిని బట్టి, బూస్టర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి సిలిండర్ కొలత మారొచ్చు. పైకి ఒకేలా కనిపించినా లోపలి రంధ్రం కొలత తేడా వస్తే పెడల్ తీరే మారిపోతుంది. రబ్బరు వాషర్లున్న రిపేర్ కిట్ చవగ్గా దొరుకుతుంది. కానీ సిలిండర్ లోపల గీతలు పడ్డా, తుప్పు పట్టినా కొత్త వాషర్లు కూడా త్వరలోనే పాడవుతాయి. అప్పుడు మొత్తం మార్చడమే మేలు.

ఆయిల్ విషయంలో డబ్బా మూత మీద ఏం రాసుందో అదే కొనాలి. డాట్ 3, డాట్ 4 అన్నవి ఆ ఆయిల్ ఎంత వేడికి మరుగుతుందో చెప్పే గుర్తులు. తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. సీలు తీయని డబ్బానే తీసుకోవాలి. ఇంట్లో పోయినేడాది సగం వాడి పెట్టిన డబ్బా ఉంటే దాన్ని మర్చిపోండి. ఎందుకంటే ఈ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. బరువులో నాలుగు శాతం కూడా లేని నీరు చేరితే చాలు, డాట్ 3 మరిగే వేడి 205 నుంచి 140 డిగ్రీల దగ్గరకు పడిపోవచ్చు.

దాంతో నష్టమేంటంటే... శ్రీశైలం ఘాట్‌లోనో, తిరుమల కొండ నుంచి కిందికి దిగే దారిలోనో కిలోమీటర్ల తరబడి బ్రేకు మీద కాలు పెట్టి నడిపితే చక్రాల దగ్గర వేడి విపరీతంగా పెరుగుతుంది. ఆయిల్‌లోని నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే కుంచించుకుపోతుంది. కొండ మొదట్లో గట్టిగా ఉన్న పెడల్, మధ్యలోకి వచ్చేసరికి నేలకు తగులుతుంది. అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరు వాడామో దిగేటప్పుడూ అదే గేరు వాడాలని పెద్ద డ్రైవర్లు చెబుతుంటారు. అందుకే చాలా కార్ల కంపెనీలు రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమంటాయి.

ముందు బల్ల మీద...

కొత్త మాస్టర్ సిలిండర్ లోపలంతా గాలే. దాన్ని అలాగే బిగించి పెడల్‌ను వందసార్లు తొక్కినా మూలల్లో కొంత గాలి మిగిలిపోవచ్చు. కొన్ని కార్లలో సిలిండర్ కాస్త వాలుగా ఉంటుంది. అలాంటప్పుడు బుడగలు ఎత్తున్న వైపు దాక్కుని కదలవు. మధ్యాహ్నం దాకా చక్రాల చుట్టూ తిరిగి ‘ఇంకా మెత్తగానే ఉందేంటి?’ అని తలపట్టుకునేది ఇలాంటప్పుడే. కాబట్టి మొదటి విడత గాలిని కారుకు బిగించకముందే బల్ల మీద తీసేయాలి.

సిలిండర్‌ను వైస్‌లో అడ్డంగా, సమంగా ఉండేలా పెట్టాలి. వైస్ పట్టు బోల్టులు బిగించే చెవి దగ్గర ఉండాలి తప్ప సిలిండర్ ఒంటి మీద కాదు. గట్టిగా నొక్కితే లోపలి రంధ్రం ఆకారం చెడుతుంది. ఆయిల్ బయటికెళ్లే రంధ్రాలకు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు తగిలించి, రెండో కొసలను వంచి పైనున్న డబ్బాలో ఆయిల్ మునిగేలా ఉంచాలి. డబ్బా నింపి, మొద్దుగా ఉన్న చెక్క కడ్డీతో వెనక నుంచి పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టాలి. అంతే మెల్లగా వదలాలి. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ నెట్టాలి. మొదట్లో గొట్టాల్లోంచి బుడబుడమని బుడగలొస్తాయి. పోనుపోను తగ్గుతాయి. పది పదిహేనుసార్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. లెక్క ముఖ్యం కాదు, బుడగలు పూర్తిగా ఆగడం ముఖ్యం.

తర్వాత గొట్టాలు తీసి రంధ్రాలకు బిరడాలు బిగించి మళ్లీ నెట్టి చూడాలి. పిస్టన్ ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి కదలకుండా రాయిలా ఉందంటే గాలి పోయినట్టే. నీళ్ల సిరంజిని నొక్కినప్పటి పరీక్షే ఇది!

తొక్కు... పట్టు... వదులు!

సికింద్రాబాద్ అసలే ఎత్తుపల్లాల ఊరు. వీధి వాలులో ఈ పని పెట్టుకోవద్దు. చదునైన చోట కారు నిలిపి, నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు. స్టాండ్లు ఉండాల్సిందే. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు ఊడుతుంది కాబట్టి ఫెండర్ మీద పాత దుప్పటి కప్పి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోవాలి. చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయాలి.

సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించి గొట్టాలు కలిపేటప్పుడు నట్లను మొదట వేళ్లతోనే తిప్పాలి. మర ఎక్కాకే పానా పెట్టాలి. మర తప్పితే ఆ గొట్టం ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

ఇక్కడి నుంచి ఇద్దరు కావాలి. ఇంజిన్ ఆపి ఉండాలి. ఒకరు డ్రైవర్ సీట్లో, ఒకరు చక్రం దగ్గర. సీట్లో కూర్చునేది ఇంట్లో ఎవరైనా కావచ్చు. పాదం అందితే చాలు. చక్రం దగ్గరున్న తండ్రి ‘తొక్కమ్మా’ అంటాడు. సీట్లో ఉన్న కూతురు మెల్లగా తొక్కి, ‘తొక్కాను నాన్నా, పట్టుకున్నా’ అని చెప్పాలి. అప్పుడు చక్రం వెనకున్న నిపుల్‌ను రింగ్ పానాతో పావు వంతో, అర వంతో వదులు చేయాలి. నిపుల్‌కు తగిలించిన పారదర్శక గొట్టంలోంచి ఆయిల్, దాంతోపాటు బుడగలు సీసాలోకి వస్తాయి. పెడల్ దిగుతుంది. అలాగే పట్టుకుని ఉండాలి. నిపుల్ బిగించాకే ‘వదులు’ అనాలి. ఆ మాట వినకుండా పాదం పైకి లేచిందా... బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది. పొద్దుటి నుంచి చేసిందంతా వృథా. చేపల తొట్టికి వాడే పారదర్శక గొట్టం ఈ పనికి చక్కగా సరిపోతుంది. దాని కొస సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండాలి.

మొదట మాస్టర్ సిలిండర్ దగ్గరి గొట్టాల నట్లనే ఇలా ఒక్కోటి వదులు చేసి బిగిస్తూ గాలి తీయాలి. తర్వాత చక్రాలు. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి చాలావాటిలో అది వెనక ఎడమ చక్రం. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. కొన్ని మోడళ్లకు ఈ వరస వేరుగా ఉంటుంది. మీ కారు పుస్తకంలో ఉన్న వరసే పాటించండి.

ప్రతి ఐదారుసార్లకూ డబ్బాలో ఆయిల్ చూసి పోస్తుండాలి. డబ్బా ఖాళీ అయితే మాస్టర్ సిలిండర్ మళ్లీ గాలి పీలుస్తుంది. అంటే కథ మళ్లీ బల్ల దగ్గరికే!

ఇంకో చిన్న జాగ్రత్త. మాస్టర్ సిలిండర్ మార్చకుండా, ఉత్త ఆయిలే మార్చేటప్పుడు పాత కారు పెడల్‌ను నేల దాకా తొక్కనివ్వొద్దు. పిస్టన్ రోజూ వెళ్లని చోట తుప్పు, మురికి పేరుకుని ఉంటాయి. అక్కడికి నెడితే బాగున్న వాషర్ కాస్తా చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే సరిపోతుంది.

పరీక్ష పాసయ్యాకే ప్రయాణం

పని అయ్యాక ఇంజిన్ ఆన్ చేయకుండా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కాలి. తర్వాత గట్టిగా తొక్కి అర నిమిషం పట్టుకోవాలి. పెడల్ గట్టిగా, ఎత్తులో నిలవాలి. ఏమాత్రం దిగినా ఎక్కడో తేడా ఉన్నట్టే. అలా తొక్కే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగుతుంది. దానికి భయపడక్కర్లేదు. బూస్టర్ పనిచేస్తోందని గుర్తు. ప్రతి కీలు దగ్గరా తెల్ల కాగితం అద్ది తడి ఉందేమో చూడాలి. ఆ తర్వాతే ఇంటి ముందే, మనిషి నడిచే వేగంతో, హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి పెట్టి నాలుగుసార్లు ఆపి చూడాలి. పిల్లల్ని ఎక్కించుకోవడం ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే.

రెండుసార్లు గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉంటే ఇక ఆపేయండి. ‘మెల్లగా మెకానిక్ దాకా నడిపేద్దాం’ అనుకోవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా బండిని లాగించుకెళ్లండి. అలాగే ఏబీఎస్ ఉన్న కార్లలో గాలి ఆ యూనిట్ లోపలికి వెళితే, కంప్యూటర్ తగిలించి లోపలి వాల్వులను తెరిస్తే తప్ప బయటికి రాని మోడళ్లున్నాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల బ్రేకుల తీరు ఇంకా వేరు. వాటి జోలికి ఇంట్లో పోవద్దు. ఈ ఇంటి వైద్యం మారుతీ 800 లాంటి పాతకాపులకే. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ కారు ఇప్పటికీ కొన్ని ఇళ్ల ముందు కనిపిస్తుంది. వ్యక్తిగత కార్లకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అక్కడా బ్రేకులు చూస్తారు. కానీ ఆ రోజు కోసం ఆగాల్సిన పని కాదిది.

చివరగా, సీసాలో చేరిన పాత ఆయిల్. అది విషం. మురుక్కాలువలో పారబోయొద్దు. అంతకంటే ముఖ్యంగా కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద గూట్లో పెట్టొద్దు. ఏ పిల్లాడో దాహమేసి ఎత్తి తాగితే బ్రేకు ఫెయిలైనదానికంటే ఘోరం. మూత గట్టిగా బిగించి, పేరు రాసి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో అడిగి అప్పగించాలి. ఆయిల్ మార్చిన తేదీని చిన్న కాగితం మీద రాసి బానెట్ లోపల అంటిస్తే రెండేళ్ల తర్వాత ఎవరూ గుర్తుచేయాల్సిన పనిలేదు.

వీటన్నిటితోపాటు ఆ ఆదివారం ఇంట్లో ఇంకొకరు ఒక విషయం నేర్చుకుంటారు. గాలి పోకముందు పెడల్ ఎలా ఉంది, పోయాక ఎలా మారింది అన్నది సీట్లో కూర్చున్న కూతురి పాదానికి తెలుస్తుంది. రేపు ఆమె లైసెన్సు తీసుకుని ట్యాంక్‌బండ్ మీదుగా కాలేజీకి వెళ్లేటప్పుడు పెడల్ ఏ కాస్త మెత్తబడినా, ఎవరూ చెప్పకుండానే బండి పక్కకు తీసి ఆపేస్తుంది.